తూచారు గానీ తరుగు చూడలేదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో క్యాన్సర్‌ని దగ్గరకి రానివ్వని కూరగాయల గురించి వ్యాసం వేశారు. సగం పేజీ బ్రోకలీ బొమ్మ ఉంది. మా తాడేపల్లిగూడెం మార్కెట్లో అది ఎప్పుడన్నా కనబడుతుంది, కొనేవాళ్ళు తక్కువ. రాకుండా ఏం తినాలో మీరు చాలాసార్లు రాశారు. వచ్చినవాళ్ళు అసలు తినలేకపోతే ఏం చెయ్యాలో మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. అందుకే ఈ ఉత్తరం. కాస్త పొడుగైంది, వేస్తే మొత్తం వెయ్యండి, లేకపోతే మానెయ్యండి.

నేను ఇక్కడి ఒక రైస్ మిల్లులో 31 ఏళ్ళు గుమస్తాగా చేశాను. నా పనంతా కాటా దగ్గరే. ధాన్యం లారీ వస్తే తూచడం, తేమ చూడడం, తరుగు రాయడం. తేమ 17 శాతం దాటితే రైతుతో గొడవ. 75 కిలోల బస్తాలో ముప్పావు కిలో తగ్గినా భుజానికెత్తుకున్న కూలీ నడకని బట్టి చెప్పేసేవాణ్ణి. అలాంటివాణ్ణి, ఇంట్లో మనిషి తొమ్మిది వారాల్లో ఐదు కిలోలు తరిగిపోతే చూడలేకపోయాను.

మా ఆవిడకి కడుపులో క్యాన్సర్ అని 2024 సెప్టెంబరులో తేలింది. అప్పటికే లివర్‌కి పాకింది. అంతకు ముందు మూడు నెలలుగా రెండు ముద్దలు తినేసరికే నిండిపోయిందంటూ కంచం ముందు నుంచి లేచిపోయేది. గ్యాస్ అనుకున్నాం. మెడికల్ షాపులో బిళ్ళలు కొని మింగించాను. ఆ సంగతి తలుచుకుని ఇప్పుడు లాభం లేదు.

మూడు వారాలకోసారి కీమో. తెల్లారుజామున బస్సెక్కితే పొద్దెక్కేసరికి ఆసుపత్రి. వెళ్ళగానే మొదటి పని బరువు చూడడం. నర్సమ్మ అంకె అరుస్తుంది, కుర్ర డాక్టరు ఫైల్లో రాసుకుంటాడు. మొదటిసారి 58, రెండోసారి 57, మూడోసారి యాభై ఐదున్నర, నాలుగోసారి 53. నా చెవులతో నేను విన్న అంకెలివి. కీమో మందు మోతాదు ఎత్తునీ బరువునీ బట్టి కడతారు కాబట్టి తూచారు. మందు లెక్క కుదిరింది, తరుగు లెక్క ఎవరికీ పట్టలేదు. వాళ్ళొక్కళ్ళనే అనను, పక్కనే నిలబడ్డవాణ్ణి నేను. గాజులు మోచేతి దాకా జారుతుంటే, ఉంగరానికి దారం చుట్టుకుంటుంటే కూడా ‘కీమో కదా, తగ్గుతారు’ అని నాకు నేనే చెప్పుకున్నాను.

రెండో కీమో తర్వాత అన్నం ఉడికే వాసన పడడం మానేసింది. వినడానికి చిన్న సంగతే. కానీ మాది బియ్యం మీద బతికిన ఇల్లు. కొత్త బియ్యం వస్తే గుప్పిట్లోకి తీసుకుని వాసన చూసి ‘ఇవి గంజి ఎక్కువ కక్కుతాయండీ’ అని చెప్పగలిగిన మనిషి, కుక్కర్ విజిల్ వినబడితే చాలు, కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వీధిలోకి పరిగెత్తేది. కొన్నాళ్ళు పక్కింటివాళ్ళ పొయ్యి మీద వండించాను. తర్వాత గ్యాస్ పొయ్యి పెరట్లో రేకుల కిందకి మార్చాను.

ఇక అప్పట్నుంచి మా ఇంట్లో కంచం దగ్గర రోజూ యుద్ధమే. నాకు వంట రాదు. అయినా నేర్చుకున్నాను. ఇడ్లీలు నాలుగు పెట్టి లెక్క చూసేవాణ్ణి. ఒకటిన్నర తింటే మిగతా రెండున్నర గురించి ఉపన్యాసం. పప్పులో ఆవిడ చూడకుండా నెయ్యి పోసేవాణ్ణి, జావలో గుడ్డు కలిపేసేవాణ్ణి. ఆవిడ కనిపెట్టేసేది, కనిపెట్టాక ఆ జావ కూడా ముట్టేది కాదు. ఒకరోజు విసుగొచ్చి ‘నీకు బతకాలని లేదా?’ అని అరిచాను. ఆవిడ ఏడవలేదు, తిరిగి అరవలేదు. ‘ఆకలి ఎలా ఉంటుందో మర్చిపోయానండీ’ అంది. నాకు ఆ మాట అర్థం కాలేదు. ఆకలిని మర్చిపోవడమేంటి, మొండితనం కాకపోతే అనుకున్నాను.

వారం తిరక్కుండా మా పెరట్లో కాకుల గోల ఎక్కువైంది. చూస్తే కొబ్బరిచెట్టు మొదట్లో ఇడ్లీ ముక్కలు, పెరుగన్నం, సగం కొరికిన గుడ్డు. నేను స్నానానికి వెళ్ళగానే కంచం తీసుకెళ్ళి అక్కడ దులిపేసి, ఖాళీ కంచం నాకు చూపిస్తోందన్నమాట. నన్ను సంతోషపెట్టడానికి. నేను చూసినట్టు ఆవిడకి చెప్పలేదు.

దీనికి తోడు పథ్యాలు. చూడ్డానికి వచ్చినవాళ్ళు తలా ఒకటి చెప్పి వెళ్ళేవారు. మా బావమరిది ఫోన్లో వీడియో చూపించి చక్కెర మానేస్తే క్యాన్సర్ కణాలు మాడి చస్తాయన్నాడు. మా అక్క పాలు పెరుగు ఆపమంది. ఇంకొకాయన తెల్లన్నం విషమన్నాడు, అంతకు ముందే ఆయన మా ఇంట్లో తిన్నది మాత్రం తెల్లన్నమే. పరగడుపున పసుపు నీళ్ళు, గోధుమగడ్డి రసం, లక్ష్మణ ఫలం ఆకుల కషాయం. అసలే రెండు ముద్దలు పట్టే కడుపు, అందులో గ్లాసుడు కషాయం పోస్తే ఇక అన్నానికి చోటెక్కడ? మూడు వారాలు చేయించాను. యాభై ఐదున్నర నుంచి 53కి పడింది ఆ మూడు వారాల్లోనే.

నాలుగో కీమో తర్వాత మా అమ్మాయి పోరు పెట్టి హైదరాబాద్ తీసుకెళ్ళింది. అక్కడ జబ్బు పెట్టే బాధల్ని తగ్గించే పాలియేటివ్ కేర్ అనే విభాగంలో ఒక డాక్టరమ్మ చూశారు. మాట్లాడకముందే టార్చి తీసి ‘నోరు తెరవండమ్మా’ అన్నారు. నాలిక మీద, బుగ్గల లోపల తెల్లటి పూత. ఫంగస్. కీమోలో ఉన్నవాళ్ళకి నోట్లో అది రావడం మామూలేనట, మందు చవకే, వారంలో పోయింది. నెలన్నరగా ‘నోట్లో మట్టి పోసినట్టుందండీ’ అంటుంటే నేను వంకలనుకున్నాను. తర్వాత విరేచనం ఎన్నాళ్ళకవుతోందని అడిగారు. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ జాతి బిళ్ళలు మలబద్ధకం తెస్తాయి, వాటితో పాటే విరేచనం బిళ్ళ కూడా వాడాలి. మాకు ఎవరూ చెప్పలేదు. ఐదారు రోజులుగా కడుపు కదలని మనిషికి ఆకలేం వేస్తుంది? వాంతి బిళ్ళ కూడా వాంతి అయ్యాక కాదు, తినడానికి అరగంట ముందు వెయ్యాలన్నారు.

ఆ తర్వాత ఫైలు తిప్పి, నాలుగు బరువుల చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టారు. ఆరు నెలల్లో ఒంటి బరువు నూటికి ఐదు పాళ్ళు మించి దానంతటది తగ్గితే, అది ఉత్త నీరసం కాదు, దానికో పేరుంది అన్నారు. కాకెక్సియా. 2011లో వేరువేరు దేశాల డాక్టర్లు కూర్చుని ఒప్పుకున్న లెక్కట అది. యాభై ఎనిమిదికి నూటికి ఐదు అంటే రెండు కిలోల తొమ్మిది వందల గ్రాములు. మాది ఐదు కిలోలు, అంటే ఎనిమిదిన్నర పాళ్ళు. అంకెలు నాకు కొత్త కాదు కాబట్టి అక్కడికక్కడే కట్టాను. 31 ఏళ్ళ గుమస్తాకి ఆరోజు చేతులు వణికాయి.

డాక్టరమ్మ చెప్పింది నాకు అర్థమైన భాషలో రాస్తాను. కడుపులో ఉన్న గడ్డా, దానితో పోరాడుతున్న ఒళ్ళూ కలిసి రక్తంలోకి కొన్ని రసాయనాలు వదులుతాయి. అవి మెదడులో ఆకలిని నడిపే చోటికి వెళ్ళి దాన్ని ఆర్పేస్తాయి. కండని కూడా కరిగించేస్తాయి. మామూలు మనిషి పస్తుంటే ముందు కొవ్వు ఖర్చవుతుంది, ఒళ్ళు పొదుపుగా ఉంటుంది. ఇక్కడ ఆ పొదుపు లేదు, కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. అందుకే తిండి ఒక్కటే పెంచితే పోయింది మొత్తం తిరిగి రాదు. కరెంటు లేనప్పుడు మిల్లు తొట్టిలో ఎన్ని బస్తాల ధాన్యం పోస్తే మాత్రం బియ్యం వస్తాయా? నేను చేస్తున్నది అదే. ‘ఆవిడ మొండికెయ్యడం లేదండీ, ఆకలి ఆవిడ చేతిలో లేదు’ అన్నారు డాక్టరమ్మ. మా ఆవిడ నా వంక చూడలేదు, కిటికీ వైపు తిరిగింది.

పథ్యాల సంగతి అడిగాను. చక్కెర మానేస్తే గడ్డ మాడదు. ఒంట్లో ప్రతి కణానికీ చక్కెర కావాలి, మనం తినకపోతే ఒళ్ళు తన కండనే కరిగించి చక్కెర చేసుకుంటుంది. యూరప్ పోషకాహార నిపుణుల మార్గదర్శకాల్లో కూడా క్యాన్సర్ రోగికి తిండి తగ్గించే పథ్యాలు వద్దనే ఉందట. రోజుకి కిలో బరువుకి 25 నుంచి 30 క్యాలరీలు, మాంసకృత్తులు కనీసం ఒక గ్రాము, వీలైతే ఒకటిన్నర. 53 కిలోల మనిషికి రోజుకి 53 నుంచి 80 గ్రాములన్నమాట. గుడ్డులో ఉండేది ఆరు గ్రాములు. గ్లాసుడు పాలలోనూ అంతే. పాలు, పెరుగు మాన్పించి నేను ఏం చేశానో ఆ లెక్క చూస్తే తెలిసింది.

డైటీషియన్ అమ్మాయి పావుగంట కూర్చుంది. ఆ పావుగంట నాలుగు నెలల ముందు దొరికి ఉంటే బాగుండేది. మూడు పూటల భోజనం మర్చిపొమ్మంది. రెండు గంటలకోసారి చిన్న గిన్నెలో, పెద్ద కంచం చూస్తేనే భయం వేస్తుంది కాబట్టి. ఈ రోగులకి పొద్దున్నే కాస్త నయంగా ఉంటుంది, ఉన్న గుడ్డు, పాలు అప్పుడే పెట్టమంది. తింటూ మంచినీళ్ళు తాగితే నీళ్ళతోనే నిండిపోతుంది, నీళ్ళు మధ్యలో ఇవ్వమంది. వేడి కూరకి వాసన ఎక్కువ, చల్లారినవి పెట్టమంది. స్టీలు చెంచాతో ఇనుము రుచి వస్తోందంటే చెక్క చెంచా వాడమంది. చారులో పాలపొడి కలపకూడదు గానీ జావలో కలపొచ్చు, వేరుశనగ పొడి పెరుగన్నంలో కలపొచ్చు. వంద గ్రాముల వేరుశనగలో 25 గ్రాముల మాంసకృత్తులున్నాయని విని మా ఆవిడే ‘డబ్బాల్లో అమ్మే ప్రోటీన్ పొడి వద్దండీ అయితే’ అంది. ఇంట్లో నాలుగడుగులు నడిపించమంది, కండ నిలబడడానికి. అయితే తెచ్చిపెట్టి ఊరుకోండి, పక్కన కూర్చుని లెక్కపెట్టకండి అని నాకు విడిగా చెప్పింది. ఎవరు చెప్పారో ఆ అమ్మాయికి.

తిరిగొచ్చేటప్పుడు రావులపాలెం మీదుగా వచ్చి ఆత్రేయపురం పూతరేకులు కొన్నాం. దారి చుట్టే, మా ఆవిడే అడిగింది, ఏదైనా అడిగి మూడు నెలలైంది కాబట్టి ఎంత చుట్టైనా వెళ్ళేవాణ్ణి. కారులోనే ఒకటి తినేసింది. నవలక్కర్లేదు, నాలిక మీద వేసుకుంటే కరిగిపోతుంది, నెయ్యి, చక్కెర తెలియకుండా లోపలికెళ్ళిపోతాయి. పూతరేకు చేసేది బియ్యప్పిండి నీళ్ళతోనే కదా. అన్నం వాసన పడని మనిషికి బియ్యం ఆ రూపంలో దిగింది. సగం కాగితమంత పల్చటి బియ్యం. మా బావమరిది వచ్చి చూసి ‘క్యాన్సర్‌కి చక్కెర పెడుతున్నావా బావా’ అని నా మీద అలిగి వెళ్ళిపోయాడు. వెళ్ళనిచ్చాను.

డాక్టరమ్మ రాత్రికి ఒక చిన్న బిళ్ళ కూడా రాశారు. ఒలాంజపిన్, రెండున్నర మిల్లీగ్రాములు. అసలు అది మానసిక జబ్బులకి వాడే మందు, మా అక్క షాపులో అడిగి తెలుసుకుని ‘పిచ్చి మందు మింగిస్తున్నారు’ అని ఊరంతా చెప్పింది. మా అమ్మాయి నాకు వివరంగా చదివి చెప్పింది. మన పక్కనే పుదుచ్చేరి జిప్మర్ డాక్టర్లు కడుపు, లివర్, పాంక్రియాస్, ఊపిరితిత్తుల క్యాన్సర్లకి కీమో తీసుకుంటున్న 124 మంది మీద ఈ బిళ్ళని పన్నెండు వారాలు పరీక్షించి 2023లో ఫలితం ప్రచురించారు. బిళ్ళ వేసుకున్నవాళ్ళలో 60 శాతం మంది ఐదు పాళ్ళకి మించి బరువు పెరిగారు, మందు లేని ఉత్తుత్తి బిళ్ళ వేసుకున్నవాళ్ళలో 9 శాతమే. అదే ఏడాది అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం కూడా ఈ మందుని తన సూచనల్లో చేర్చుకుంది. ఖరీదైన మందు కాదు, విదేశాల నుంచి తెప్పించాల్సిందీ కాదు. ఎవరూ సొంతంగా కొని వేసుకోకండి, మగతగా ఉంటుంది, డాక్టరే చూసి రాయాలి. ఆకలికి స్టీరాయిడ్ కూడా ఇస్తారు గానీ అది కొద్ది రోజులకే. మెజెస్ట్రాల్ అని ఇంకోటుంది, దాంతో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది.

మా ఆవిడకి ఆ బిళ్ళతో ముందు నిద్ర పట్టింది. పది రోజులకి, తనంతట తను, పక్కింట్లోంచి బొమ్మిడాయిల పులుసు వాసన వస్తోందండీ అంది. వాసనని తిట్టకుండా చెప్పడం చాలా రోజులకి అదే. గిన్నెడు తెచ్చిచ్చారు, రెండు ముక్కలు తింది. బరువు 52 దగ్గర నిలబడింది, నెలన్నర. పెరగలేదు. నిలబడడం ఎంత పెద్ద సంగతో కాటా దగ్గర పనిచేసినవాడికి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నేను అడిగేది. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై మన రాష్ట్రంలో ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకం లేకపోతే మాలాంటివాళ్ళం కీమో మొహం చూసేవాళ్ళం కాదు. ఆ మేలు మర్చిపోను. కానీ కీమోకి ప్యాకేజీ ఉన్నప్పుడు, ఆ కీమో తట్టుకునే ఒంటికి డైటీషియన్ పావుగంట అందులో ఎందుకు ఉండకూడదు? ఎలాగూ ప్రతిసారీ తూస్తున్నారు. మొదటి బరువు పక్కన ఈరోజు బరువు, నూటికెంత తరుగో మూడో గడిలో రాయమనండి. ఐదు దాటితే నోరు తెరిపించి చూడమనండి, విరేచనం అడగమనండి, డైటీషియన్ దగ్గరకి పంపమనండి. దానికి కొత్త మిషన్ కొనక్కర్లేదు, ఒక గడి గీస్తే చాలు. క్షయ రోగులకి తిండి కోసం కేంద్రం 2018 నుంచి నెలకి 500, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు ఖాతాలో వేస్తోంది. తిండి కూడా మందేనని ఒక జబ్బుకి ఒప్పుకున్నారు కదా. కీమో జరిగే నెలల్లో క్యాన్సర్ రోగులకీ అలాంటిది ఇవ్వొచ్చు. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం దాకా సెలైన్ పెట్టించుకుని కూర్చునేవాళ్ళకి క్యాంటీన్లో మిరపకాయ బజ్జీ, పుల్లట్టు తప్ప దొరకవు. ఆ నూనె వాసనకే సగంమంది కక్కుకుంటారు. గ్లాసుడు చల్లటి మజ్జిగ, ఉడకబెట్టిన గుడ్డు పెట్టించడం ఏ ఆసుపత్రికైనా పెద్ద పనా?

మీ పేజీకి కూడా ఒక మాట. బ్రోకలీ మీద ఇంకో వ్యాసం వేసే ముందు, నోట్లో పూత వస్తే ఎలా ఉంటుందో ఒక ఫోటో వెయ్యండి. మా జిల్లాలో ఒక్క ఇంట్లోనైనా టార్చి తీసి చూస్తారు.

మే నెల నుంచి ఆవిడకి మింగుడు పడడం తగ్గిపోయింది. ఆ దశలో సెలైన్ ఎక్కిస్తే బలం రాదు, కాళ్ళకి నీరు, ఊపిరికి ఆయాసం వస్తుందని డాక్టరమ్మ ఫోన్లో చెప్పారు. ‘పస్తు పెట్టి చంపుతున్నారు’ అని వరండాలో కూర్చున్నవాళ్ళు నాకు వినబడేటట్టే అన్నారు. నేను మాత్రం కంచం పట్టుకుని వెళ్ళడం మానేశాను. దూదితో పెదాలు తడిపేవాణ్ణి. ముంజలు వచ్చాయంటే ఒకటి చిదిమి నీళ్ళు నాలిక మీద వేశాను, కళ్ళతో ఇంకొకటి అంది. ఆ నెలంతా మేమిద్దరం పోట్లాడుకోలేదు, మిల్లు కబుర్లు చెబితే వినేది. జూన్‌లో పోయింది.

చిన్న కార్యం రోజు ఆవిడకిష్టమైనవన్నీ వండారు. గారెలు, పులిహోర, బొమ్మిడాయిల పులుసు. కొబ్బరిచెట్టు మొదట్లో ఆకు వేసి పెట్టి కాకి కోసం అందరూ దూరంగా నిలబడ్డారు. మా పేటలో గంటల తరబడి కాకి రాక, పోయినవాళ్ళకి ఏం కోరిక మిగిలిందోనని బతిమాలుకున్న ఇళ్ళున్నాయి. మా ఇంట్లో ఆకు పెట్టి చెయ్యి తీసేలోపే నాలుగు వాలాయి. ‘ఏ కోరికా లేకుండా వెళ్ళింది తల్లి’ అని మా అక్క కళ్ళు తుడుచుకుంది. ఆ చెట్టు కింద ఆవిడ చేతి అన్నం ఆ కాకులకి ఎప్పట్నుంచో అలవాటని నేను ఎవరికీ చెప్పలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మిల్లు గుమస్తా,
తాడేపల్లిగూడెం